పెళ్లినాటి ప్యాంటు

ఆ పేటలో ఆయన్ని అందరూ ఆరోగ్యం గారంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. పొద్దున్నే పార్కు గేటు దగ్గర ఎవరైనా ఒంటరిగా దొరికితే చాలు, ముందు వాళ్ల పొట్ట వంక చూసి నాలుక చప్పరిస్తాడు. తరవాత తన నడుం మీద రెండు చేతులూ వేసుకుని కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతాడు. ఇక అవతలివాడు ఆఫీసుకి ఆలస్యమైనట్టే. ఉప్పు విషమంటాడు, చక్కెర విషమంటాడు, కుర్చీ విషమంటాడు, లిఫ్టు ఎక్కడం అన్నిటికన్నా పెద్ద విషమంటాడు. ఆయన మాట ప్రకారం ఈ లోకంలో విషం కానిది ఆయన ఉపన్యాసం ఒక్కటే. దాని మీద కూడా వినేవాళ్లకి అనుమానాలున్నాయి.

ఉపన్యాసం చివర ప్యాంటు వస్తుంది. బూడిద రంగు ప్యాంటు, మంచి గుడ్డ. దాన్ని ఊరికే తొడుక్కోడు. పార్కులో ఏదైనా మీటింగు ఉంటేనో, ఎవరైనా పెద్దమనిషి కొత్తగా వాకింగు సంఘంలో చేరితేనో బయటికి తీస్తాడు. "పెళ్లినాటి ప్యాంటండీ ఇది! ఇన్నేళ్లయినా నడుం దగ్గర వీసమెత్తు తేడా లేదు. మీలో ఎవరైనా పెళ్లినాటి ప్యాంటు తొడుక్కు రండి చూద్దాం!" అని సవాలు విసురుతాడు. ఎవరూ తొడుక్కురారు. అందరూ నేల చూపులు చూస్తారు. ఆయన కళ్లు నెత్తికెక్కుతాయి.

ఈ సవాలు పార్కు గేటుకి ఎదురుగా ఉన్న ఇంటి ముందు గదిలోకి బాగా వినపడుతుంది. ఆ గది కుట్టు దుకాణం. అందులో కూర్చుని కుట్టేది ఆయన భార్య. ఆవిడ పేట మొత్తానికీ టైలరమ్మ. పెళ్లినాటి ప్యాంటు మాట వినపడినప్పుడల్లా టైలరమ్మ నోట్లో ఉన్న దారాన్ని పుటుక్కున కొరికేది. అంతకు మించి ఏమీ అనేది కాదు.

అనడానికి ఆవిడ దగ్గర చాలా ఉంది. పెళ్లయిన కొన్నేళ్లకి ఆయన చిన్నాన్న కొడుకు పెళ్లికి బయల్దేరబోతూ ఆ ప్యాంటు తొడుక్కుంటే హుక్కు అందలేదు. ఊపిరి బిగబట్టాడు, పడుకుని లాగాడు, అయినా అందలేదు. మంచం అంచు మీద కూలబడి, "నా పని అయిపోయిందే, ముసలాణ్ణయిపోయాను," అన్నాడు. మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. ఆవిడకి జాలేసింది. ఆవిడ జీవితంలో చేసిన పెద్ద తప్పు ఆ జాలే. "హుక్కు వంకర పోయిందండీ, సరిచేసి ఇస్తా ఇలా ఇవ్వండి," అని తీసుకెళ్లి, వెనక కుట్టు విప్పి, లోపలికి మడిచి ఉంచే మార్జిన్ గుడ్డలో కాస్త వదిలి మళ్లీ కుట్టి ఇచ్చింది. ఆయన తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "చూశావా, నాలుగు రోజులు నడిచేసరికి ఎలా తగ్గిపోయానో!" అన్నాడు. నడిచింది బస్‌స్టాపు దాకా. ఆవిడ నవ్వి ఊరుకుంది.

నవ్వి ఊరుకోబట్టే పేటకి ఈ పీడ పట్టుకుంది. అప్పట్నుంచీ ఏడాదికోసారి ఆవిడే గుట్టుగా ప్యాంటు లూజు చేస్తూ వచ్చింది. చేతికి ఏ రంగు దారం దొరికితే ఆ దారంతో. కొన్నాళ్లకి మార్జిన్ గుడ్డ అయిపోయింది. అప్పుడు నడుం వెనక, బెల్టు కింద కనపడకుండా, అదే బూడిద రంగులో ఉన్న ఒక ముక్కని త్రికోణంగా కత్తిరించి అతుకు వేసింది. అది స్కూలు యూనిఫారాల్లో మిగిలిన ముక్క. అంటే ఊరందరికీ ఆరోగ్యం నేర్పే ఈ మహానుభావుడు నడుం వెనక ఎవరో చిన్నపిల్లాడి నిక్కరు గుడ్డ మోస్తూ సవాళ్లు విసిరేవాడన్నమాట.

ఆయన ఆరోగ్యం ఎలా తయారయ్యేదో కూడా ఆవిడకే తెలుసు. తెల్లారకముందే లేచి నీళ్లు కాచి నిమ్మరసం పిండి ఇచ్చేది ఆవిడ. గింజలు నానబెట్టేదీ, దోసకాయ రసం తీసేదీ, చెమట తువ్వాలు ఉతికి ఆరేసేదీ ఆవిడే. ఆయన చేసేది తాగడం, తుడుచుకోవడం. పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగి, సంఘం మొత్తం వెనక గేటు దగ్గర టీ కొట్టులో కూలబడేది. అక్కడ చక్కెర ఎందుకో విషం అయ్యేది కాదు. సాయంత్రం ఉతకడానికి జేబులు తిరగేస్తే బిస్కెట్ల పొడి రాలేది. ఆవిడ దాన్ని కిటికీలోంచి పిచ్చుకలకి విదిలించేది.

అలా ఎన్నేళ్లు గడిచేవో గానీ, ఆ చలికాలంలో టైలరమ్మ కుడి భుజం పట్టేసింది.

మొదట బరువెత్తడం వల్ల అన్నారు, తరవాత చలి వల్ల అన్నారు. కొద్దిరోజులకి తల దువ్వుకోడానికి కూడా చెయ్యి లేవలేదు. పెద్ద కత్తెర పట్టి గుడ్డ మీదకి చాపితే కళ్ల ముందు చీకట్లు కమ్మేవి. ఆయన పనిచేసిన గిడ్డంగి ఎప్పుడో మూతపడింది. ఆ తరవాత ఇల్లు నిలబడింది ఆ కుడిచేతి మీదే. ఆవిడ చెల్లెలు వచ్చి మిషను మీద కూర్చుంది గానీ, దానికి కుట్టడం వచ్చు, కటింగు రాదు. కటింగు లేని టైలరు దుకాణం ఎన్నాళ్లు నడుస్తుంది? ఇచ్చిన గుడ్డలు జనం ఒక్కొక్కరే మర్యాదగా వెనక్కి పట్టుకుపోవడం మొదలెట్టారు.

కసరత్తులు చేయించే డాక్టరమ్మ ఒకావిడ ఉంటే వెళ్లి చూపించుకుంది. మందు వాసన కొట్టే చిన్న గది, డాక్టరేమో నవ్వు తక్కువగా ఉండే చిన్నపిల్ల. చెయ్యి మెల్లగా అటూ ఇటూ కదిపి చూసి, "టైలరంటున్నారు కదా అమ్మా. ఇది లోపల గట్టిగా కుట్టు పడిపోయిన భుజం అనుకోండి. లాగితే చిరుగుతుంది. ఓపిగ్గా విప్పుకోవాలి," అంది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకమంది. పొద్దునా, సాయంత్రమూ. ఎంతదాకా అందితే అంతదాకా, నొప్పి పెట్టిన చోట ఆగమంది.

"మీ తల మీద జానెడు ఎత్తులో గోడ మీద ఒక గీత గీసుకోండి. వేళ్లు అక్కడికి చేరిన రోజున కత్తెర పట్టండి. అప్పటిదాకా మిషను ముట్టుకోవద్దు."

"చేరకపోతే?"

"ఇలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు ఆపరేషన్ అంటారు. దానితోనైనా పూర్తిగా వస్తుందని నేను చెప్పలేను."

టైలరమ్మ ఇంటికొచ్చి కటింగు బల్ల పక్క గోడ మీద చెల్లెలి చేత టైలరు సుద్దతో గీత గీయించింది. ఆ రోజు తన వేళ్లు ఆగిన చోట ఇంకో గీత గీసింది. అది గడ్డం దగ్గరుంది. రెంటికీ మధ్య మూరెడు ఖాళీ. అయినా రోజూ పాకింది. కింది గీత కొంచెం కొంచెంగా పైకి జరుగుతూ వచ్చింది.

ఆరోగ్యం గారు ఇది చూసి పగలబడి నవ్వాడు. "గోడ మీద బల్లిలా పాకడం కూడా వ్యాయామమేనటే?" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? పార్కులో అందరికీ చెప్పాడు. మా ఆవిడ బల్లి వ్యాయామం చేస్తోందండీ అని. అక్కడ పొద్దున్నే చేరి నవ్వే నవ్వుల క్లబ్బుకి ఆ వారం నవ్వుకోడానికి వేరే సరుకు అక్కర్లేకపోయింది.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ వద్దంటున్నా వినకుండా పార్కుకి లాక్కెళ్లాడు. "కూర్చుని కూర్చుని పట్టేసింది. ఒళ్లు వంచితే అదే పోతుంది. ఆ కుర్ర డాక్టరు పిల్లకేం తెలుసు?" అన్నాడు. వరసగా నిలబడ్డారు. అందరూ చేతులెత్తి ఒక్కసారిగా హాహాహా అని నవ్వాలట. ఇంత వయసొచ్చిన మనుషులు పొద్దున్నే ఏ కారణమూ లేకుండా ఆకాశం వంక చూసి నవ్వడమేమిటో ఆవిడకి అర్థం కాలేదు. అందరి చేతులూ లేచాయి. ఆవిడ కుడిచెయ్యి గుండెల దగ్గరే ఆగింది.

"ఎత్తవేం?" అన్నాడు వెనక నుంచి. అని, నలుగురిలో తన ప్రతాపం చూపించడానికి, ఆవిడ మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

ఆవిడ కేక పెట్టింది. కేక సరిగ్గా నవ్వుల మధ్యలో పడింది. కొత్తావిడ బాగా నవ్వుతోందనుకుని అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అది మాత్రం ఆవిడ మర్చిపోలేదు.

మర్నాడు గోడ దగ్గర నిలబడితే వేళ్లు మళ్లీ గడ్డం దగ్గరే ఆగిపోయాయి. డాక్టరమ్మ చెయ్యి చూడగానే మొహం మాడ్చుకుంది.

"ఎవరు గుంజారు దీన్ని?"

"మా ఆయనండి."

"ఆయనేం చేస్తుంటారు?"

 "ఆరోగ్యం నేర్పుతుంటారండీ," అంది.

"ఇంకోసారి ఇలా జరిగితే నా దగ్గరకి రాకండి. నేను చేయగలిగేది ఏమీ ఉండదు," అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. అందుకే భయమేసింది.

టైలరమ్మ మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టింది. ఆయన గదిలోకి వస్తే గోడకి వీపు ఆనించి నిలబడేది, పోయాక పాకేది. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. గీత ముక్కు దాటింది, నుదురు దాటింది. అప్పుడొచ్చింది సన్మానం కబురు. వాకింగు సంఘం వాళ్లు ఈ ఏడు తమలో అత్యంత ఆరోగ్యవంతుడికి బిరుదు ఇస్తారట. ఎవరికిస్తారో ఎవరూ అడగలేదు. సంఘానికి ప్రెసిడెంటు ఆయనే.

సభకి ముందురోజు మధ్యాహ్నం, చెల్లెలు భోజనానికి వెళ్లిన సమయంలో, ఆరోగ్యం గారు బూడిద రంగు ప్యాంటు చేత్తో పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు. చలికాలమంతా ఎలాస్టిక్కు ఉన్న ట్రాక్‌సూటులోనే తిరిగాడు. ఎలాస్టిక్కు మొహమాటస్తురాలు, నిజం చెప్పదు.

"ఏమే, దీన్ని వేడినీళ్లలో నానబెట్టావా?"

"లేదండీ."

"మరెందుకిలా కుంచించుకుపోయింది? హుక్కు జానెడు దూరంలో ఆగిపోతోంది! రేపు సభ పెట్టుకుని ఇవాళ నా ప్యాంటు పాడుచేశావు కదే! ఒక్క గుడ్డ సరిగ్గా ఉతకడం చేతకాదు, పైగా టైలరమ్మ!"

ఇన్నేళ్లూ దాచింది ఇక చాలనుకుంది ఆవిడ. ప్యాంటు తీసుకుని, ఎడమచేత్తో తిరగేసి, కటింగు బల్ల మీద పరిచింది.

"ఇటు రండి. గుడ్డ కుంచించుకుపోలేదండీ. ఇదిగో ఈ నల్లదారం చూడండి. ఇది మీ చిన్నాన్న కొడుకు పెళ్లప్పుడు లూజు చేశాను. ఈ గోధుమ రంగుది మీరు సంఘంలో చేరిన ఏడు. ఈ నీలంది మీరు ప్రెసిడెంటు అయినప్పుడు. ఇక్కడితో మార్జిన్ అయిపోయింది. ఈ ముక్క చూశారా? ఇది స్కూలు నిక్కరుది. మీ నడుం ఏటేటా పెరుగుతూనే ఉంది. ఈ ఏడు నా చెయ్యి పడిపోయింది కాబట్టి మీకు తెలిసింది."

ఆయన వంగి చూశాడు. ఒక్కో కుట్టునీ వేలితో తడిమాడు. మొహంలో రంగులు మారాయి. టైలరమ్మ ఎదురుచూసింది. సిగ్గుపడతాడేమో, లేదా అరుస్తాడేమో అనుకుంది. ఆనాడు మంచం మీద కూలబడినట్టు కూలబడితే మళ్లీ జాలిపడదామని కూడా ఎక్కడో మనసు సిద్ధంగానే ఉంది.

ఆయన వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించి, "ఇది ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"మీ చెల్లెలికి?"

"తెలీదు."

ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. సరే అయితే, ఇంకో ముక్క వెయ్యి. వెనకాల కనపడకుండా. రేపు పదింటికి సభ."

ఆవిడకి తను విన్నది నిజమేనా అనిపించింది. "చెయ్యి ఇంకా పూర్తిగా లేవలేదండీ. మిషను ముట్టుకోవద్దంది డాక్టరమ్మ. ఇప్పుడు కుడితే మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి మొదటికొస్తే ఇక రాదేమో."

"ఓ అరగంట పనికి ఇంత రాద్ధాంతమా? అరగంటలో చెయ్యేమైనా ఊడి కిందపడుతుందా?"

అప్పటిదాకా ఆవిడకి ఆయన మీద ఉన్నది కోపం. కోపం ఉందంటే అవతలి మనిషి మీద ఇంకా కాస్త ఆశ ఉన్నట్టే. ఆ మాటతో అది కూడా పోయింది. మిగిలింది చీదర. చెప్పుకి అంటుకున్నదాన్ని చూస్తే కలిగే చీదర.

ప్యాంటు మడిచి ఆయన చేతిలో పెట్టింది. "కుట్టను," అంది.

"కుట్టవా?"

"కుట్టను. కావాలంటే చెల్లెల్ని పిలుస్తా. దాని చేత కుట్టించుకోండి. విప్పి చూపించి, ఎక్కడ వెయ్యాలో చెబుతాను."

ఆయన ప్యాంటు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు మండుటెండలో కోటు తొడుక్కుని సభకి వెళ్లాడు. కోటు కింద హుక్కు తెరిచే ఉంది. దాని మీద బెల్టు బిగించాడు. టైలరమ్మ తలుపు దగ్గర నిలబడి ఆయన నడక చూసింది. అడుగు పెద్దది పడితే ఏమవుతుందో అని చిన్నచిన్న అడుగులు వేస్తున్నాడు, అత్యంత ఆరోగ్యవంతుడు.

పార్కులో మైకు మోత దుకాణంలోకి బాగా వినపడింది. "పెళ్లినాటి ప్యాంటండీ!" అన్నాడు, నిన్న మధ్యాహ్నం ఆ కుట్లని తన వేళ్లతో తడిమి చూసిన మనిషి. చప్పట్లు మోగాయి. రోజూ నడిచేవాళ్లకి చెమటతో పాటు సిగ్గు కూడా కారిపోతుంది కాబోలు. తరవాత గొంతు కొంచెం బరువెక్కించి ఇంకో మాట అన్నాడు. "మా ఇంట్లోనే చూడండి. ఎంత చెప్పినా వినదు మా ఆవిడ. ఒళ్లు వంచదు. కూర్చుని కూర్చుని చెయ్యి పడిపోయింది. సోమరితనానికి నా ఇల్లే ఉదాహరణ. ఇది మీకు గుణపాఠం కావాలి."

చెల్లెలు మిషను ఆపేసింది. "అక్కా, బావ నీ గురించి..."

"విన్నాలే. నువ్వు కుట్టుకో," అంది టైలరమ్మ. ఆవిడ వేళ్లు గోడ మీద నుదురు దాటి పైకి పాకుతున్నాయి.

ఆయన మధ్యాహ్నానికి అట్టకి అంటించి ఫ్రేము కట్టిన ఇంత పెద్ద పత్రం పట్టుకుని ఇంటికొచ్చాడు. బంగారు అక్షరాలు. ఆరోగ్య శిరోమణి అని. వచ్చేపోయే జనానికి కనపడాలి కదా, ముందు గదే కావాలి. కటింగు బల్ల పక్క గోడ చూసి, "ఈ సుద్ద గీతలేంటి, అసహ్యంగా బల్లి జాడల్లా," అంటూ తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు.

"బావా! అవి అక్క గుర్తులు!" అంది చెల్లెలు, కుర్చీలోంచి లేచి.

"గోడ బల్లులకి కాదమ్మా, బిరుదులకి," అని తన హాస్యానికి తనే నవ్వుకుని, మేకు కొట్టి ఫ్రేము తగిలించాడు.

చెల్లెలికి ఏడుపొచ్చింది. టైలరమ్మ మాత్రం ఫ్రేము వంకే చూస్తోంది. ఆవిడ కన్ను టైలరు కన్ను, గోడ మీద వెంట్రుకవాసి తేడా కూడా పట్టుకుంటుంది. ఫ్రేము కింది అంచు సరిగ్గా డాక్టరమ్మ గీయించిన పైగీత ఉన్నచోట కూర్చుంది. ఆ సంగతి ఆయనకి తెలీదు. సుద్ద గీత తడిగుడ్డకి పోతుంది. ఇది పోదు. మేకు కొట్టి మరీ గీశాడు మొగుడు.

ఆ రోజు నుంచి ఆవిడ ఆయన ఎదురుగానే పాకింది. ఆయన దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని, పార్కులో చెప్పుకుని మురిసిపోయాడు. "ఇప్పుడు బుద్ధొచ్చిందండీ. పొద్దునా సాయంత్రమూ నా బిరుదు ముందు నిలబడి చేతులు పైకెత్తుతోంది!" అన్నాడు. అందరూ తలలూపారు. ఆ మాట కిటికీలోంచి విని టైలరమ్మ చాలా నెలల తరవాత మనసారా నవ్వింది. నవ్వుల క్లబ్బువాళ్లకి చేతకాని నవ్వు అది.

వానలు పడ్డ ఒక పొద్దున్న, ఆయన వాకింగుకి వెళ్లాక, వేలి కొసకి చెక్క తగిలింది. టైలరమ్మ ఆగింది. భుజంలో సన్నటి సలుపు, అంతే. ఇంకొంచెం పాకింది. అరచెయ్యి మొత్తం ఫ్రేము అంచుని పట్టుకుంది. ఎడమచెయ్యి కూడా సాయం ఇచ్చి, మేకు మీదనుంచి ఎత్తి, ఫ్రేముని తల మీదుగా కిందికి దించింది. చెయ్యి పట్టెయ్యలేదు, ఫ్రేము జారలేదు. తన చెయ్యి తనకి తిరిగొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకోడానికి లేచింది కుడిచెయ్యే.

ఫ్రేము బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పి చూసింది. మంచి అట్ట. దళసరిగా, వంగకుండా ఉంది. కాలర్లు కత్తిరించే పాత అట్ట నమూనాలు అంచులు నలిగి ఎన్నాళ్లయిందో! అద్దం తీసి పక్కన పెట్టింది. సుద్దతో గీసింది. పెద్ద కత్తెర అందుకుని, ఆ చలికాలం తరవాత మొదటిసారి, అదురు లేకుండా కత్తిరించింది.

ఆరోగ్యం గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది.

"నా బిరుదేదే?"

"ఇదిగోండి," అంది. బల్ల మీద పరిచిన చొక్కా గుడ్డ మీద కాలరు నమూనా పెట్టి చుట్టూ సుద్ద గీస్తోంది. అట్ట మీద బంగారు అక్షరాలు సగం సగం కనపడుతున్నాయి.

"పిచ్చిగానీ పట్టిందా నీకు? అది... అది నలుగురిలో నాకిచ్చింది!"

"అట్ట గట్టిదండీ. చాలా కాలర్లొస్తాయి."

సుద్ద పక్కన పెట్టింది. కుడిచెయ్యి తల మీదికి చాపి, ఎత్తున కొక్కానికి వేలాడుతున్న బూడిద రంగు ప్యాంటుని తీసింది. ఆయన ఆ చెయ్యి వంక చూశాడు, అది అంత ఎత్తుకి వెళ్లడం ఇప్పుడే చూస్తున్నవాడిలా. ఆవిడ ప్యాంటు మడిచి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇక మీ గుడ్డలు నేను కుట్టను. దీన్ని బయట ఏ టైలరుకైనా ఇచ్చి లూజు చేయించుకోండి. తిరగేసి చూసి అడుగుతాడు. పెళ్లినాటిదని చెప్పండి."

గేటు దగ్గరనుంచి ఎవరో, "ఆరోగ్యం గారూ!" అని కేకేశారు. ఆయన గబుక్కున ప్యాంటు వీపు వెనక దాచుకున్నాడు. టైలరమ్మ కత్తెర అందుకుని గుడ్డ మీదికి వంగింది.